రుమాలు లేని పట్టు

వలస కూలీల పిల్లలకు బడి ఎలా మొదలుపెట్టారని అడిగితే జయకుమారి టీచరు చదువు సంగతి ఎత్తదు. చీరాలలో జరిగిన కబడ్డీ ఆట గురించి చెబుతుంది, అదీ లేచి నిలబడి.

ఎనభై ఆరో సంవత్సరం. పర్చూరు వైపు ఒక పల్లెలో ఆమె డ్రిల్లు టీచరు. పోటీలు దగ్గరపడ్డాక జట్టులో ఒక పిల్లకు ఆటలమ్మ పోసింది. ఏడుగురు లేకపోతే ఆడనివ్వరు. ఆ సాయంత్రమే చేలగట్టున కబడ్డీ ఆడుతున్న మారెక్క అనే పిల్ల ఆమె కంటపడింది. వానల్లేక కర్నూలు వైపు నుంచి మిరపకాయ కోతకు వచ్చిన కుటుంబం వాళ్లది. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లను జయకుమారి మర్నాడే ఏడో తరగతిలోనూ జట్టులోనూ చేర్చింది.

తరగతిలో ఎవరూ మారెక్క పక్కన కూర్చోలేదు. పేరు పెట్టి పిలవలేదు. 'కోతల పిల్ల' అన్నారు.

చీరాలలో ఆటకు ముందు కెప్టెన్ సుబ్బరావమ్మ టీచరు దగ్గరికి వచ్చింది.

"గొలుసు కట్టేటప్పుడు దాని చెయ్యి పట్టుకోమంటే ఎట్టాగండీ? కారం చేతులు, మండుతాయి."

"మొన్న మీ మిరప కల్లంలో తాలుకాయలు ఏరింది నువ్వు కాదూ? నీ చేతులు చల్లగా ఉన్నాయా?"

మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. సుబ్బరావమ్మ రుమాలు తీసింది. "పోనీ, దీన్ని చెరో కొసా పట్టుకుంటామండి."

జయకుమారి చిన్నప్పుడు చెడుగుడులో ఆమెకూ రుమాలు కొసే అందించేవారు, మాలపల్లె పిల్ల చెయ్యి తగలకుండా. ఆమె ఆ కొస పట్టుకునే ఆడేది. ఇప్పుడు ఆ రుమాలు లాక్కుని సంచిలో వేసుకుంది.

"చెయ్యి పట్టుకుని ఆడు. లేదంటే అందరం తిరుగుబస్సు ఎక్కుదాం."

"మా నాన్నతో చెబుతానండి."

ఆ నాన్న బడి కమిటీ పెద్ద. జయకుమారి ఉద్యోగం ఆయన మాట మీద ఉంది.

"చెప్పు. ఆట అయ్యాక."

విజిల్ మోగింది. సుబ్బరావమ్మ మారెక్కకు రెండు వేళ్లు అందించింది. ఆ రెండు వేళ్ల పట్టులోంచి అవతలి పిల్లలు పదేపదే జారిపోయారు. ఎలాగో చివరి కూతకు పాయింట్లు సమానమయ్యాయి.

చీరాల జట్టులోని పొడుగుపిల్ల కూత పెడుతూ లోపలికి దూకింది. మారెక్క ఆమె చీలమండ మీద పడింది. పొడుగుపిల్ల మారెక్కనూ సుబ్బరావమ్మనూ ఈడ్చుకుంటూ గీత వైపు పాకుతోంది. సుబ్బరావమ్మ అయిదు వేళ్లతో మారెక్క మణికట్టు బిగించి వెనక్కి వాలింది.

"వదలబాకే మారెక్కా, వదలబాకు."

విజిల్ మళ్లీ మోగింది. పొడుగుపిల్ల వేళ్లకూ గీతకూ మధ్య జానెడు నేల మిగిలింది.

"ఆట అయిపాయ. ఇంక ఇడ్సక్కా, నొస్తాంది," అంది మారెక్క.

బస్సులో మారెక్క పక్కన కూర్చుందామని జయకుమారి వెళితే, జట్టు పిల్లలు చేరి అక్కడ చోటు లేదు. నిలబడే అడిగింది.

"మీ గుడిసెల దగ్గర ఇంకా పిల్లలున్నారా?"

"శానామంది, టీచరమ్మా."

"రేపు సాయంత్రం వస్తున్నానని మీ నాయనతో చెప్పు."

"ఆడేకా?"

"ముందు ఆడేందుకే," అంది జయకుమారి.