గుండె బలహీనమన్న కాగితం

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో సిక్‌లో పడడం, అంటే జబ్బని చెప్పి సెలవు పెట్టడం, ఒక విద్య. శ్రీకాకుళంలో మేనమామ కూతురి పెళ్లయినా సిక్కే, వరికోతలైనా సిక్కే. కోతలయ్యాక మళ్లీ ఫిట్. రెండింటికీ కావలసింది డాక్టరు కాగితం. ఆ కాగితాలు సంపాదించడంలో పోలమ్మని కొట్టేవాళ్లు లేరు. ఏ జబ్బుకి ఎన్నాళ్లు సెలవిస్తారో వర్క్‌షాపులో వెల్డరుగా చేసిన భర్త దేముడికి తెలీదు గానీ, పోలమ్మకి అంతా నోటికొచ్చు.

వాళ్లకి ఒక్కడే కొడుకు, ఫణీంద్ర. పదమూడేళ్లకే బాగా ఒళ్లొచ్చింది. బడిలో డ్రిల్లు మాస్టారు గ్రౌండు చుట్టూ పరిగెత్తమంటే సగంలోనే ఆయాసపడి కూలబడేవాడు. పిల్లలు "మోటూ, మోటూ" అని గోల చేసేవాళ్లు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చాడు. పోలమ్మ చూడలేకపోయింది. మర్నాడే తన అలవాటు డాక్టరు దగ్గరికెళ్లి ఓ కాగితం రాయించింది: "గుండె బలహీనం. పరుగు, ఆటలు కూడదు."

మాస్టారు హడలిపోయాడు. ఆ రోజు నుంచీ ఫణీంద్ర నీడలో కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాశాడు. ఫుట్‌బాలు దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికొస్తే చేత్తో తీసి ఇచ్చేవాడు. కాగితం అబద్ధమని పోలమ్మ వాడికి చెప్పలేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, మాస్టారి దగ్గర వాగేస్తాడని భయం. తర్వాత చెబుదామనుకుంది. తర్వాత మరిచేపోయింది.

ఫణీంద్ర పెద్దయి ప్రేమ్ బజార్‌లో జెరాక్స్ షాపు పెట్టాడు. చుట్టూ కాలేజీ కుర్రాళ్లు సైకిళ్ల మీద తిరుగుతుంటే, వీడు వీధి మలుపుదాకా వెళ్లాలన్నా స్కూటరు తీసేవాడు. మేడమెట్లెక్కమంటే తప్పించుకునేవాడు. బద్ధకం, తండ్రి పోలికే అని పోలమ్మ నవ్వేది.

నలభై మూడో ఏట, మొన్న ఆషాఢంలో, బంధువుల్ని బండెక్కించడానికి వెళ్లి స్టేషన్ వంతెన మెట్ల మీద కూలిపోయాడు. గుండె రక్తనాళాలు రెండు మూసుకుపోయాయన్నారు. స్టెంట్లు వేశారు. ప్రాణం దక్కింది.

మూడోరోజు బెంగాలీ డాక్టరమ్మ వచ్చింది. మంచం పక్కన పోలమ్మ కమలాపండు వలుస్తోంది.

"చిన్నప్పుడు గుండెజబ్బేమైనా ఉండేదా?" అని డాక్టరమ్మ హిందీలో అడిగింది.

"ఉంది మేడమ్. పదమూడో ఏటి నుంచీ," అన్నాడు ఫణీంద్ర. "అందుకే ఎప్పుడూ పరిగెత్తలేదు. సైకిలు కూడా నేర్చుకోలేదు."

పోలమ్మ చేతిలో పండు అలాగే ఆగిపోయింది. ముప్పై ఏళ్లు! వీడు ముప్పై ఏళ్లు ఆ కాగితాన్ని నమ్మి బతికాడా?

డాక్టరమ్మ రిపోర్టులన్నీ మళ్లీ తిరగేసింది. "పుట్టుకతో వచ్చిన లోపమేదీ ఇందులో లేదే. ఈ అడ్డంకులు తర్వాత పేరుకున్నవి. పరిగెత్తకపోవడమొక్కటే కారణమని అనలేను. కానీ ఆ వయసులో బరువు పెరుగుతున్న పిల్లాడికి ఆటలే కావాలి. ఎవరు మానమన్నారు, మాసీమా?" అని పోలమ్మకేసి తిరిగింది.

పోలమ్మ కమలాపండు పక్కన పెట్టేసింది. కాగితం రాసిన డాక్టరు పోయాడు. మొగుడు దేముడూ పోయాడు. నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. కానీ మనవరాలు పూజ ఉంది. పద్నాలుగేళ్లు, తండ్రిలాగే బొద్దు. ఆటల పోటీలంటే ఏడుస్తోందని, పది రోజుల కిందటే పోలమ్మ ఇంకో డాక్టరు చేత సరిగ్గా ఆ ముక్కే రాయించి ఇచ్చింది. ఆనాటి నుంచీ ఆ పిల్ల గుండె మీద చెయ్యేసుకుని మెట్లెక్కుతోంది. చెప్పకుండానే నటన బాగా నేర్చిందని పోలమ్మ మురిసిపోయింది కూడా.

"నాయనా, నీ గుండెకి అప్పుడేటీ నేదురా," అంది పోలమ్మ. "నువ్వేడస్తంటే సూడనేక నానే రాయించినాను."

ఫణీంద్ర తన కాళ్లకేసి చూసుకున్నాడు.

"అయితే అమ్మా, నాను అప్పుడు ఆడొచ్చునేటి? బాలు కాళ్ల కాడికొచ్చినా తన్ననేదే నాను!"

ఆ మాటకి పోలమ్మ అక్కడ కూర్చోలేకపోయింది. వరండాలోకి పరిగెత్తింది. కింద పూజ టిఫిన్ క్యారేజీ పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీదేసుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ వస్తోంది.

"ఒలే పూజా! నీకేటీ నేదే! ఆ కాగితం అబద్ధమే! గబగబా వచ్చీ!"

పూజ తలెత్తి చూసింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"నన్ను ఊరుకోబెట్టకు నానమ్మా," అంది. "నాన్నకీ అదే రాసినారంట గదా. నిజమే అయిపోనాది."