మిల్లు ఇచ్చిన దీపం

మొన్న మా వీధిలో ఎవరో కరపత్రాలు పంచి వెళ్ళారు. ఊళ్ళ చెత్తనంతా తగలబెట్టి కరెంటు తీసే కార్ఖానా ఒకటి ఏలూరు అవతల రాబోతోందట, దానివల్ల పక్క ఊళ్ళకు దీపాలూ ఉద్యోగాలూ సకల సౌభాగ్యాలూ కలుగుతాయట. ఆ తీపి మాటలు నాకు కొత్త కావు. తాడేపల్లిగూడెం వైపు పుట్టిన నా ఈడువాళ్ళకెవరికీ కొత్త కావు.

పందొమ్మిదివందల ముప్పైలలో నేను మా పేట మిషను బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో, బడి పక్కనున్న మా ఉమ్మడి మెరక మీద బియ్యం మిల్లు కడతానని ఒక యజమాని వచ్చాడు. వడ్లు ఆడగా మిగిలే ఊకను బాయిలరులో మండించి, ఆ ఆవిరితో మరలూ తిప్పి కరెంటూ పుట్టించి, పేటలో ఇంటింటికీ దీపం ఇస్తానని ఎంతో మెత్తగా చెప్పాడు. పెద్దలు వేలిముద్రలు వేసే ముందు మెరకను ఆయనకు రాసిచ్చే కాగితం చదివి వినిపించింది నేనే. దీపాల మాట అందులో ఎక్కడా లేదని నాకు తెలుసు. అంత పెద్దమనిషి నోటితో అన్నాడు కదా అని ఊరుకున్నాను. అందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

మిల్లు తిరిగింది. దీపాలు మిల్లులోనూ, వెనక ఆయన మేడలోనూ వెలిగాయి. మాకు దక్కింది బూడిద. అన్నం మీద, ఆరేసిన బట్టల మీద, పిల్లల పలకల మీద, అన్నిటికన్నా ఘోరంగా మేము తాగే నీళ్ళ గుంట మీద నల్లగా పేరుకునేది. కొల్లేటి వైపు గాలి తిరిగిన రోజున పొగంతా బడి మీదికే వచ్చి, పాఠం చెప్పడానికి నోరు తెరవలేకపోయేదాన్ని.

నన్ను పెంచిన మా పెద్దమ్మ ఆ మిల్లులోనే బియ్యం చెరిగేది. ఒక మధ్యాహ్నం, యజమాని తన అరుగు మీద వర్తకులతో కూర్చుని ఉండగా, గుంటలో చెంబెడు నీళ్ళు ముంచి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. ఆపబోయి వెంట పరుగెత్తిన నేను మెట్ల దగ్గరే నిలిచిపోయాను.

“పుచ్చుకోండి బాబుగారూ, మేం రోజూ తాగే నీళ్ళేనండి,” అంది.

ఆయన మొహం చిట్లించి, “ఏవిటిది? తీసెయ్ అవతలకి,” అన్నాడు.

“మీరు తాగలేనివి మా పిల్లలెలా తాగుతారండీ? దీపాలిస్తానన్నారు, ఉన్న నీళ్ళు పాడుచేశారు. ఏదో ఒకటి తేల్చందే నేను కదలనండి.”

అక్కడే చతికిలబడింది. చేటలు పడేసి చెరిగే ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి ఆవిడ వెనక కూర్చున్నారు. పొద్దు వాలేదాకా ఎవరూ లేవలేదు. వర్తకులు విసుక్కుని వెళ్ళిపోయారు. చివరికి తన బావి నుంచి పేటకు గొట్టం వేయిస్తానని, బడికి ఒక్క దీపం ఇస్తానని, ఈసారి కాగితం మీద, ఆయన పళ్ళు కొరుకుతూ రాసిచ్చాడు. ఆ కాగితాన్ని మాత్రం నేను రెండుసార్లు చదివాను.

మర్నాటి నుంచి మా పెద్దమ్మను మిల్లు గేటు దాటనివ్వలేదు. చుట్టుపక్కల ఏ మిల్లూ పని ఇవ్వలేదు. కొల్లేటి లంకలో ఉన్న చుట్టాల దగ్గరికి వెళ్ళి చేపలు ఎండబెట్టుకుంటూ బతికింది. ఊక బూడిద పట్టించిన దగ్గు ఆవిడను మూడేళ్ళకే తీసుకుపోయింది. బడికి దీపం వచ్చిన ఏడు అదే యజమానికి మా వార్షికోత్సవంలో పూలదండ వేశారు, ధర్మాత్ముడని పొగిడారు. నేను చప్పట్లు కొట్టలేదు. నేను చేసిన తిరుగుబాటు అంతే.

ఇప్పుడు మిల్లూ లేదు, పొగగొట్టమూ లేదు. మెరక మీద మేడలు లేచాయి. పేటకు మొదట మంచినీళ్ళు ఎవరు తెచ్చారని అడిగితే ఈనాటివాళ్ళు ఆ యజమాని పేరే భక్తిగా చెబుతారు. మా పెద్దమ్మ పేరు తెలిసినవాళ్ళలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను.