అయిదు మందులు, ఒక్క పొట్లం

ఆ రోజుల్లో బేరమాడకుండా కొన్న వస్తువు మా ఇంట్లో ఒక్కటీ ఉండేది కాదు. తిరుపతి అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి, నడక రాకముందే కొసరు అడగడం వచ్చిందట (ఇది మా నాయన మాట, ఆయన దృష్టిలో పొగడ్తే). అలాంటి నేను అయిదు మందులకు జరగాల్సిన సీసం పరీక్షను ఒక్క మందు ఫీజుతో లాగించేశాను. ఇంత ఘనకార్యం మా వీధిలో మరెవరూ చేసి ఉండరు. చేయకూడదు కూడా.

మాది మూలికల అంగడి. చెన్నై వ్యాపారి ఒకాయన మా చూర్ణాలు నాలుగు, బాలింతలకు పెట్టే కాయం ఒకటి కొంటానన్నాడు. కాకపోతే వాటిలో సీసం లేదని ల్యాబ్ కాగితం కావాలన్నాడు. నాయన నన్ను పంపాడు. ల్యాబ్ మేడమ్ దేని ఫీజు దానిదే అంది. "నాలుగింటికి కడతాను, అయిదోది కొసరేయండి మేడమ్" అన్నాను. "ఇదేమన్నా వంకాయల గంపా అప్పా?" అంది. నేను ఊరుకుంటానా? ఇంటికొచ్చి అయిదింట్లోంచీ తలా చెంచాడు తీసి, బాగా కలిపి, ఒకే పొట్లం కట్టి, దానికి 'పంచమూలి చూర్ణం' అని నామకరణం చేసి ఇచ్చి వచ్చాను. కాగితం వచ్చింది. సీసం హద్దు దాటి ఉందట.

"దేంట్లో రా?" అన్నాడు నాయన.

"అన్నీ కలిపినాను నాయనా."

"కలిపితే కలిపినావు, యాడుండాదో సెప్పు!"

పురిటికి పుట్టింటికొచ్చిన అక్క, చేతిలో కాయం ఉండతో వచ్చి గడపలో నిలబడింది. "ఒరే, నేను దినామూ తినేది ఇదే గదరా! నా బిడ్డకు పాలిస్తా ఉండాను. దీంట్లో ఉండాదా, లేదా?"

మర్నాడు ల్యాబ్ తలుపులు తీయకముందే అయిదు పొట్లాలతో వాకిట్లో ఉన్నాను. సంగతి విని మేడమ్ ముందు నవ్వింది, తర్వాత ఆపేసింది. "ఒక్కదాంట్లోనే ఉంటే, మిగతా నాలుగూ కలిసి దాన్ని పల్చన చేసినట్టే. అసలుదాంట్లో ఇంకెంత ఉంటాదో సూడు." చెంబెడు నీళ్లు పోసినా మజ్జిగ పులుపు తగ్గలేదంటే, ఆ పెరుగు ఎంత పులిసి ఉండాలి! ఆమె ఫీజు చెప్పింది. మారు మాట్లాడకుండా ఇచ్చాను. "ఒంట్లో బాగుండాదా అప్పా?" అని అడిగింది పాపం.

కాయం శుభ్రంగా ఉందని తేలింది. పట్టుబడింది దగ్గు చూర్ణం, అసలు దొంగ అందులో కలిపిన పసుపు. కళ్లు చెదిరే రంగు కోసం సీసం కలిసిన పొడి పూసి అమ్మేవాళ్లుంటారని మేడమ్ చెప్పింది. "ఏ ఎదవ కొన్నాడురా దీన్ని?" అని నాయన అరిచాడు. (నేనే. సగం ధరకు. ఆ రోజు నా వీపు తట్టింది ఆయనే. గుర్తు చేసే ధైర్యం చాలలేదు.)

ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటున్నాను. ఆనాటి నాలాంటి కుర్రవాడు కొనడానికి వస్తే వాడితో బేరం గెలవగలనా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. లెక్క మాత్రం దాచను. అయిదు పరీక్షలతో పోయేదానికి ఆరింటికి కట్టాను. అమ్మిన దగ్గు చూర్ణం ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చి, డబ్బిచ్చేశాను. చెన్నై ఆయన నాలుగు రకాలతో సరిపెట్టుకున్నాడు. జమ వైపు రాయడానికి ఒక్కటే ఉంది: ల్యాబ్ కాగితాన్ని నమ్మినా నన్ను నమ్మని అక్క, ప్రతి ఉండనూ ముందు నాచేత కొరికించాకే తినేది. పురుడు లేకుండానే నాకు బాలింత బలం పట్టింది.