సీటు లేని మనిషికి గాలి

బిల్డింగు లోపలికి గాలి ఎటునుంచి రావాలో, ఎటు పోవాలో గీసి ఇవ్వడం నా ఉద్యోగం. మా ఆఫీసు కరెంటు, నీళ్ళ పైపులు, ఏసీలు అన్నీ చూస్తుంది గానీ నా వంతు మాత్రం గాలి. ఈ మాట చెబితే మా చుట్టాల్లో నవ్వనివాళ్ళు లేరు. బెంగళూరులో గాలికి కూడా ఇంజినీరు కావాలా అంటారు. హోసూరు రోడ్డు మీద బొమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గర ఒక పూట నిలబడి ఆ మాట అనమనండి, చూద్దాం.

మా ఆఫీసు ఆ సిగ్నల్‌కి దగ్గర్లోనే, ఒకప్పుడు గార్మెంట్స్ నడిచిన పాత బిల్డింగులో ఒక అంతస్తు. ఊళ్ళో వాళ్ళందరికీ కరెంటు ఎలా పొదుపు చేయాలో చెప్పే మేము, మూలిగే ఏసీల కింద చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. వచ్చిన క్లయింట్లు చూసి నవ్వుకుంటున్నారని మా బాసుకు రోషం పొడుచుకొచ్చింది. ఆఫీసంతా విప్పి మళ్ళీ కట్టిద్దామన్నాడు. గాలి పని నాకు అప్పజెప్పి, "ఇది మన సొంతిల్లు అనుకుని చేయండి" అన్నాడు. సొంతిల్లే అయితే నేను కిటికీలు మూయించేదాన్ని కాదు.

పొదుపు సంగతి ఇలా ఉంటుంది. బయటి గాలి లోపలికి వచ్చిన ప్రతిసారీ దాన్ని చల్లబరచాలి, దానికి కరెంటు కావాలి. అందుకని కిటికీలన్నీ బిగించేసి, ఒకే దారిన గాలి తెచ్చి, బయటికి పోయే చల్లగాలి సాయంతోనే దాన్ని కొంత చల్లబరిచే యంత్రం ఒకటి పెడతాం. ఎంత గాలి తేవాలన్నది మనుషుల్ని బట్టి ఉంటుంది. మనుషులంటే మా లెక్కలో సీట్లు. డ్రాయింగులో కుర్చీ ఉంటే అక్కడ మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇన్నేళ్ళుగా ఎన్నో ఆఫీసులకు ఇలాగే లెక్క కట్టాను, ఎవరూ తప్పు పట్టలేదు.

ఇక ఆ ఒక్క దారి ఎక్కడ అన్నది నాకు పెద్ద తలనొప్పి అయింది. ముందు వైపు రోడ్డు, దాని పొగ. రెండు పక్కలా ఆనుకుని వేరే బిల్డింగులు. వెనక గోడకు కొత్తగా చిల్లు పెడితే ఊరుకోనని బిల్డింగు ఓనరు తెగేసి చెప్పాడు. మిగిలింది టీలు కాచే ప్యాంట్రీ గది కిటికీ. దాని అవతల పక్కింటి డాబా, ఆరేసిన బట్టలు, కాస్త శుభ్రమైన గాలి. యంత్రం పైపు అందులోంచే రావాలి. అంటే కిటికీ పూర్తిగా మూసుకుపోతుంది.

ఆ కిటికీ దగ్గర టీ కాచే అక్క ఉంటుంది. కదిరి వైపు మనిషి. ఇదే బిల్డింగులో గార్మెంట్స్ ఉన్నప్పుడు మిషన్ కుట్టింది. ఆ బట్టల నూగు ఛాతీలోకి పోయి పిల్లికూతలు పట్టుకుంటే, ఆ పని మానేసి మా ప్యాంట్రీలో చేరింది. నేను టేపు పట్టుకుని కిటికీ కొలుస్తుంటే పాల గిన్నె కింద మంట తగ్గించి నా వైపు తిరిగింది.

"ఏం మేడమ్, కిటికీకి కొత్త తలుపులు వేపిస్తాండారా?"

ఉన్న సంగతి చెప్పాను.

"ఇది మూస్తే నేనీడ ఉండలేను మేడమ్. పొయ్యి ఆవిరి, ఇంతే గది. నా ఎద సంగతి మీకు తెల్సు గద. ఇంగ యాడికి పోవల్ల, నాకెవురు పనిస్తారు?"

"ఏదో ఒకటి చేస్తాలే అక్కా" అనేశాను. ఏం చేస్తానో నాకే తెలియదు.

బాసుతో మాట్లాడాను. ప్యాంట్రీలోకి చిన్న పైపు ఒకటి కలుపుదామన్నాను. ఆయన డ్రాయింగు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అక్కడ సీటు లేదు కదండీ. సీటు లేనిచోటికి ఫ్రెష్ ఎయిర్ ఇస్తే మన లెక్కే మనం తప్పినట్టు. క్లయింట్లకి చూపించుకునే షోకేస్ ఆఫీసు ఇది."

ఆయన అన్నది నా లెక్కే. నేను నేర్చుకున్నది, కొత్తగా చేరినవాళ్ళకు నేను నేర్పేది.

మర్నాడు పొద్దున డ్రాయింగు తెరిచి, ప్యాంట్రీ మూలన ఒక చిన్న బల్ల గీశాను. బల్ల ముందు ఒక కుర్చీ గీశాను. అంతే, లెక్కలో ఒక మనిషి పుట్టింది. ఆ మనిషి కోసం గాలి పైపు దానంతట అదే అటు సాగింది. పైనుంచి కింది దాకా అందరూ చూసి సంతకాలు పెట్టారు. కుర్చీ ఉన్నచోటికి గాలి పోవడంలో వింతేముంది? నేను లోలోపల తెగ మురిసిపోయాను.

పని పూర్తయి యంత్రం నడిచిన రోజు, ప్యాంట్రీ సీలింగులో గాలి దిగే జాలీ కిందికి అక్కను పిలిచాను. చెయ్యి పైకెత్తి చూసుకుంది.

"వస్తాండాది మేడమ్" అంది. "సల్లగ వస్తాండాది." మూసిన కిటికీ వైపు మళ్ళీ చూడలేదు.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఫర్నిచర్ వాళ్ళు పని చేసేది కూడా ఆ డ్రాయింగు చూసే. ఆ వారంలోనే బల్లా కుర్చీ తెచ్చి, గీసింది గీసినట్టు ప్యాంట్రీ మూలన బిగించి వెళ్ళారు. బాసు ఒకసారి వచ్చి చూసి ముచ్చటపడ్డాడు. కానీ ఆ కుర్చీ చూడగానే, సీటున్న గదిలో పొయ్యి ఉండకూడదని సేఫ్టీ చూసేవాళ్ళు పట్టుబట్టారు.

కుర్చీ అబద్ధమని చెబితే గాలి పైపు ఊడదీస్తారు. నిజమని చెబితే పొయ్యి తీసేస్తారు. నేను గీసిన గీతల మధ్య నేనే ఇరుక్కున్నాను, ఎటు జరిగినా దెబ్బ అక్కకే.

"ఆ కుర్చీ అక్కకేనండీ, పొయ్యి కూడా ఇక్కడే ఉండనివ్వండి" అన్నాను చివరికి.

"ఆవిడకి సీటెందుకండీ?" అన్నాడు బాసు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. "ఖాళీగా ఉంచితే రేపు కరెంటు పొదుపు లెక్కలు చూసే ఆడిటర్ అడుగుతాడు. మీరే కూర్చోండి. గొడవ ఉండదు, ప్రశాంతంగా పని చేసుకోవచ్చు."

అలా పొయ్యి టెర్రస్ మీది రేకుల షెడ్డుకి వెళ్ళింది, నేను ప్యాంట్రీలోకి వచ్చాను. నాలుగు గోడలు, ఒక బల్ల, మూసిన కిటికీ. తలుపు దానంతట అదే మూసుకునే రకం, చల్లదనం బయటికి పోకూడదని అదీ నేను రాసిందే. గోడల్లో ఇంకా అల్లం వాసన ఉంది. లెక్క ప్రకారం నాకు కావలసినంత గాలి అందుతోంది. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరో మెడ పట్టుకున్నట్టుంటుంది. ఎవరితో చెప్పుకోను? చెబితే నా లెక్క నేనే తప్పన్నట్టు.

టెర్రస్ మీద గాలికేం కొదవ లేదు. కానీ లిఫ్టు అక్కడిదాకా పోదు. అక్క ఫ్లాస్కులు మోసుకుంటూ మెట్లు దిగి వస్తుంది, ఖాళీవి పట్టుకుని మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కబోయే ముందు నా గదిలోకి వచ్చి, జాలీ కింద నిలబడి తల పైకెత్తుతుంది. ఆవిడ ఛాతీలో పిల్లికూతలు నా బల్ల దాకా వినిపిస్తాయి.

నిన్న కూడా అలాగే వచ్చింది. నేను లేచి కుర్చీ ఆవిడ వైపు తిప్పాను.

"కూర్చో అక్కా. ఇది నీకోసం గీసిందే."

కుర్చీని చూసింది, తలుపు వైపు చూసింది.

"వద్దులే మేడమ్. ఎవురన్నా చూస్తే మీకే మాట వస్తాది" అని, ఊపిరి కూడదీసుకుని, "ఎక్కి దిగినంక నాకైతే ఈడ ఒక్క నిమిషం సాలు. దినమంతా ఈ గదిలో ఎట్లుంటాండారు మీరు?" అంది.

తలుపు దానంతట అదే మూసుకుంది. ఇద్దరం నిలబడే ఉన్నాం, కుర్చీ ఖాళీగా ఉంది.