మామునూరు మైదానంలో బావ పరుగు

దుబాయి వీసా వచ్చిన రోజు నుంచి మా బావ రాజమౌళికి ముద్ద దిగలేదు. ఆయన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. మీసాలు రాకముందే గుంట మగ్గంలో కాళ్లు పెట్టాడు. నడుము దాకా నేల లోపల, చేతులు దారం మీద, చూపు ఆ చేతుల మీద. నిచ్చెన ఎక్కి ఇంటి పెంకులు సర్దమన్నా ఇంకొకరిని పిలిచే మనిషి. అలాంటివాణ్ణి తీసుకుపోయి మబ్బుల్లో కూర్చోబెడతామంటే భయపడడా? మా అక్క భయం వేరు. ఆయన విమానం ఎక్కకపోతే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లు గడవదు. సేటు నూలు ఇవ్వడం ఆపేసి చాలా రోజులైంది. మళ్లీ ఎప్పుడిస్తాడో ఆయనకే తెలియదు.

నేను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోస్తాను. దుబాయి పేరు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ పని చేతకానివాళ్లు ఎవరూ లేరు, చేసినదానికి ధర కట్టేవాళ్లే లేరు. కానీ మా దిక్కు ఒక పద్ధతి ఉంది. ఎవరికి వీసా వచ్చినా, ముందు పోయి వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగి రావాలి. ఏ రైలు ఎక్కాలి, ఎక్కడ తినాలి, విమానంలో ఏ సీటు మంచిది, అన్నీ వాళ్లు చాయ్ పోసి మరీ చెబుతారు. "తమ్మీ, ఆదివారం మార్కెట్ బందే కదా, మీ బావను తోల్కపో. నలుగురు చెప్తే ధైర్యమొస్తది" అంది అక్క. అందుకే ఈ ప్రయాణం. మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా పోయేవాళ్లుంటే ఈ దారి పనికొస్తుంది.

పొద్దున ఆరు దాటాక బయలుదేరాం. చలికాలం, మంచు బాగా పట్టింది. కొత్తవాడ వీధుల్లో మామూలుగా అప్పటికే పడుగులు సాగదీసి ఉంటాయి. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా దారాలు గుంజి కట్టి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతుంటారు. ఆ రోజు ఒక్కటే పడుగు కనిపించింది. మంచులో దాని రెండో చివర కనబడలేదు. దారాలన్నీ తెల్లగా పోయి పోయి ఎక్కడో కరిగిపోయినట్టు ఉంది. బావ నిలబడి దాన్నే చూశాడు. బస్సు పోతుందని నేను భుజం పట్టి కదిలించాను.

హన్మకొండ చౌరస్తాలో బస్సు మారి హసన్‌పర్తి పోవాలి. రెండు బస్సులకు కలిపినా ఖర్చు రెండు చాయ్‌లకు మించదు, కానీ కూర్చునే సీటు దొరకదు. నిలబడే మాట్లాడుకున్నాం. "భయమైతే పోకు బావా. ఎవలన్న కొడ్తరా?" అన్నాను. బావ కిటికీలోంచి చూస్తూ, "మీ అక్క మగ్గం మీద చీరెలు ఆరేస్తాంది. చూసినవా?" అన్నాడు. చూశాను. నేత ఆగిన మగ్గానికి అంతకంటే అవమానం లేదు.

హసన్‌పర్తిలో దిగేసరికి చెరువు మీద పొగమంచు ఇంకా ఉంది. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో గట్టు ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. సాయిలు ఇల్లు ఆ గట్టుకు దగ్గరే. ఆయన దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. గోడకు కొత్త రంగు, బల్ల మీద గుడ్డ కప్పిన టేప్‌రికార్డర్. మేం తెచ్చిన జామపండ్లు లోపలికి పంపించి, బావను కుర్చీలో కూర్చోబెట్టి, తను మంచం మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"రాజన్నా, విమానం ఎక్కేది బొంబాయిల గదా, ఆడ రైలు దిగినంక పెద్ద హోటల్ల బోర్డులు చూసి ఆగమాగం గాకు. స్టేషన్ ఎడమ దిక్కు సందుల మరాఠీ ఆమె మెస్సు నడుపుతది. జొన్నరొట్టె, పప్పు. అచ్చం మన ఇంట్ల తిన్నట్టే ఉంటది."

చాయ్ తెచ్చిన ఆయన భార్య, "బొంబాయిల జొన్నరొట్టె తియ్యగుంటదట. ఇంట్ల నేను చేస్తే మాత్రం మొకం అటు తిప్పుతడు" అంది.

"నువ్వు చేసేది రొట్టె కాదే, పలక" అని సాయిలు మా వైపు తిరిగాడు. "విమానంల అన్నం పెడ్తరు, చిన్న చిన్న డబ్బాలల్ల. అండ్ల తెల్లగ ఒకటుంటది. నేను పెరుగనుకొని అన్నంల కలుపుకున్న. వెన్న అది. నువ్వు కలుపకు. కిటికీ సీటు అడుగు. అద్దంల కెల్లి చూస్తే మబ్బులు కింద ఉంటయ్, దూది ఏకి పరిచినట్టు. నేనైతే దుబాయి దాక రెప్ప కొట్టలే."

"కింద అంటే?" అన్నాడు బావ.

"కిందనే. నీ కాళ్ల కింద."

బావ చాయ్ గ్లాసు నేల మీద పెట్టేశాడు. మళ్లీ ముట్టలేదు. సాయిలు అది గమనించకుండా దుబాయిలో మలయాళీ హోటల్లో దొరికే చేపల కూర గురించి అరగంట చెప్పాడు. మంచి మనిషి. చెప్పినవన్నీ నిజాలే అయి ఉంటాయి. కానీ దుబాయి ఊరు ఎలా ఉంటుందని నేను అడిగితే మాత్రం తడుముకున్నాడు. "ఊరా? క్యాంపు కెల్లి సైటు, సైటు కెల్లి క్యాంపు. శుక్రవారం పొద్దుగాల బట్టలుతుక్కుంటం" అన్నాడు. ఏళ్ల తరబడి ఉండి వచ్చిన మనిషికి ఊరు తెలియదు. నాకు మంట అందుకే.

పదకొండు ప్రాంతంలో హన్మకొండ తిరిగి వచ్చాం. చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్ హోటల్లో హనీఫ్ భాయ్ ఉంటాడని అక్క చెప్పి పంపింది. మస్కట్‌లో తాపీ పని చేసి వచ్చినాయన. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ కనిపించాడు. ఆకలైతే అక్కడే ఆగండి. సమోసాలు చిన్నవే కానీ వేడిగా ఉంటాయి, బిల్లు దగ్గర మోసం లేదు.

సాయిలు చెప్పిందంతా విని హనీఫ్ భాయ్ చేయి ఊపాడు. "కిటికీ? ఆ మాట పట్టుకోకు రాజన్నా. నడుమ సీటు అడుగు. అటొకడు ఇటొకడు ఉంటే నర్సంపేట బస్సుల కూసున్నట్టే ఉంటది. చెవులల్ల దూది పెట్టుకో, చాక్లెట్ చప్పరించు, కండ్లు మూసుకో. తెరిచేసరికి ఎండ, ఇసుక. ఖతం."

పక్క బల్ల మీద ఒక లారీ డ్రైవర్ పరోటా తింటున్నాడు. ఎవరూ అడగకుండానే కలగజేసుకున్నాడు. "విమానమెందుకన్నా? ఓడల పో. నీళ్ల మీద పడ్డా ఈదొచ్చు. గాలి మీద ఏం ఈదుతవ్?"

బావ ముఖంలో ఆ రోజు మొదటిసారి వెలుగు వచ్చింది. "ఓడకు ఇదే వీసా నడుస్తదా?"

"నువ్వెప్పుడన్న ఓడ ఎక్కినవా?" అని నేను డ్రైవర్ మీదికి లేచాను.

"నేను ఖాజీపేట బ్రిడ్జి దాటితే గొప్ప" అన్నాడతను పరోటా తుంచుకుంటూ. హోటలంతా నవ్వింది. బావ నవ్వలేదు.

హనీఫ్ భాయ్ అప్పుడు బావను కాస్త పరీక్షగా చూశాడు. గొంతు తగ్గించాడు. "విమానం దగ్గరకెల్లి చూసినవా ఎప్పుడన్న? లేదా. అయితే ఫికర్ ఉంటది మరి. ఒక పని చెయ్యుండ్రి. మామునూరు పోండ్రి. విమానం లేదు గని, నిజాం జమానల అది ఉరికిన జాగ ఉన్నది. జర తిరిగి రాండ్రి. పైసలు గూడ అడగరు."

ఆ రోజు విన్న సలహాలన్నిటిలో తిండి లేనిది, సీటు లేనిది, ఓడ లేనిది అదొక్కటే. వరంగల్ వచ్చి ఖమ్మం పోయే బస్సెక్కాం. మామునూరు దగ్గర దింపమంటే కండక్టర్, "ఆడ ఎవలున్నరు మీకు?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. పిచ్చివాళ్లను చూసినట్టు చూసి బెల్లు గుంజాడు. రోడ్డు మీద దిగి పొలాల మధ్య బాట పట్టి చాలాసేపు నడవాలి. మధ్యాహ్నం అయింది. మంచు పోయి ఎండ చురుక్కుమంటోంది కానీ ఆకాశం ఇంకా పాల రంగులోనే ఉంది.

తుమ్మ పొదలు దాటాక ఒక్కసారిగా మైదానం తెరుచుకుంది. అంత వెడల్పు దారి నేనెప్పుడూ చూడలేదు. తారు పగిలి, పగుళ్లలో గడ్డి గీతలు గీతలుగా మొలిచింది. ఎండ వేడికి ఆ చివర నీళ్లు పారుతున్నట్టు మెరుస్తోంది. ఆ మెరుపులో మేకలు నడుస్తుంటే వాటి కాళ్లు కనబడక, నేల మీద తేలుతున్నట్టు ఉన్నాయి. చప్పుడు లేదు. గాలి ఒక్కటే గడ్డిని ఒక పక్కకు దువ్వుకుంటూ పోతోంది.

"గంజి పెట్టిన పడుగు తీర్గ ఉన్నది" అన్నాడు బావ. చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. నేతవాళ్లు పడుగు వేసిన చోట చెప్పులతో తొక్కరు. "కొత్తవాడ పడుగులన్నీ ఇక్కడ ఒక్కపారి సాగదీయొచ్చు బామ్మర్ది. గని, ఇంత పొడుగెందుకు దీనికి?"

"విమానం ఉరకాలె కదా."

"ఉరుకుడెందుకు? అది పైకి పోయేది కదా."

నేను ఆయన ముఖం చూశాను. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"ఎలక్షన్లప్పుడు కాలేజీ గ్రౌండుల హెలికాప్టర్ లేసింది, నేను చూసిన" అన్నాడు. "బాయిల కెల్లి బొక్కెన గుంజినట్టు నిలువునా పాయె. ఆ గాలికి నా తువ్వాల ఎటుపోయిందో ఇప్పటిదాక దొరకలే. విమానం గంత పెద్దది, గంతమంది ఉంటరు. నిలువునా గుంజితే కడుపుల పేగులు ఆగుతయా? నాకు రోజూ గదే కలల కొస్తాంది. అన్నం ముందల కూసుంటే గదే."

పొద్దున నుంచి రొట్టె గురించి, వెన్న గురించి, కిటికీ గురించి విన్నాం. ఆయన భయం ఏమిటో ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిన సంగతి ఆయనకూ తెలుసనుకున్నాం. నవ్వు రాలేదు నాకు. "అట్ల కాదు బావా. నేల మీద ఉరికి ఉరికి లేస్తదట" అన్నాను. నేను కూడా ఎక్కినవాణ్ణి కాదు, నా మాట బలహీనంగానే ఉంది.

మేకల కాపరి మా మాటలు విని దగ్గరికి వచ్చాడు. పేరు ఐలయ్య, బాగా ముసలాయన, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. "నిజమే బిడ్డా. నా చిన్నతనంల నేను చూసిన. గా కొసకెల్లి బయలెల్లేది. ముందుగాల మెల్లగ, తర్వాత జోరుగ. మేకలు మొదట బెదిరేటియి, అటెన్క అవి గూడ తల ఎత్తుడు బంద్ జేసినయ్."

"నేల ఎప్పుడు ఇడుస్తది పెద్దయ్యా?" అన్నాడు బావ.

"గది సమజయ్యేది కాదు. నేను దాని నీడను చూసేటోణ్ణి. నీడ దానికి అంటుకొని ఉంటే నేల మీదున్నట్టు. నీడ దూరమైతే, లేసినట్టు. గంతే. ఎవలూ గుంజరు."

బావ ఆ చివరి వైపు చూశాడు. పంచె ఎగ్గట్టాడు, చెప్పులు నా చేతికిచ్చాడు. నడవడం మొదలుపెట్టి, అడుగులు పెంచి, పరుగెత్తాడు. ముప్పై దాటిన మనిషి, మగ్గంలో కూర్చుని వంగిపోయిన వెన్ను, సన్నటి కాళ్లు. మేకలు రెండు పక్కలకు తప్పుకున్నాయి. ఆ నీళ్లలాంటి మెరుపులోకి పోయేసరికి పాదాలు కనబడలేదు, తరువాత మోకాళ్లు కనబడలేదు. తెల్లటి పంచె, దాని పైన మనిషి, కింద ఏమీ లేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. పక్కన ఐలయ్య, "పాయె, లేసిండు" అన్నాడు మెల్లగా.

ఎంతో సేపటికి నడుచుకుంటూ తిరిగొచ్చాడు. చెమట కారుతోంది. "గింతేనా?" అన్నాడు. "గిట్లయితే పోవచ్చు." ఐలయ్య మూటలోంచి జొన్న గట్క ముద్ద, పచ్చిమిరపకాయ తీసి పెడితే, వద్దనకుండా కూర్చుని మొత్తం తిన్నాడు. ముసలాయనకు ఏం మిగిల్చాడో నేను చూడలేదు. చీకటి పడకముందే ఇల్లు చేరాం. బావ రెండోసారి కూర అడిగేసరికి అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పోయిన వారం ఆయన వెళ్లిపోయాడు. వరంగల్ స్టేషన్‌లో సికింద్రాబాద్ బండి కోసం నిలబడితే పక్కనే పరకాల కుర్రాడొకడు కొత్త పెట్టె మీద కూర్చుని వణుకుతున్నాడు. వాడిదీ బొంబాయే, వాడిదీ దుబాయే. బావ వాడి పక్కన కూర్చున్నాడు. "ఫికర్ జేయకు తమ్మీ. నిలువునా లేవది. ముందుగాల ఉరుకుతది, నీడ దూరమైనంక లేసినట్టు లెక్క."

"ఎన్నిసార్లు ఎక్కినవన్నా?" అన్నాడు కుర్రాడు.

"ఇంకా ఎక్కలే. ఉరికి చూసిన" అన్నాడు బావ.

ఇది రాస్తున్న పూట ఆయన ఎక్కడున్నాడో తెలియదు. నాకు కోపం మాత్రం తగ్గలేదు. అంత పొడవు దారిని మేకలకు వదిలేసి, చేతిలో నేత ఉన్న మనిషిని ఇసుకలో సిమెంటు కలపడానికి పంపిన కాలం మీద కోపం. భయం పోతే ఆయనా వెళ్లిపోతాడని తెలిసీ ఆ భయం పోగొట్టింది మేమే. అక్క ఇప్పుడు చీరెలు దండెం మీదే ఆరేస్తోంది, మగ్గం మీద దుప్పటి కప్పింది. అయినా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే కోపం కాసేపు ఎటో పోతుంది. మా కొత్తవాడ మనిషి ఒకడు, ఎవరి టిక్కెట్టూ లేకుండా, సొంత కాళ్ల మీద గాలిలోకి పోవడం నేను చూశాను.

మామునూరు పోయేవాళ్లు మంచు విడిచాక పోండి, అక్కడ నీడ లేదు కాబట్టి నీళ్లు వెంట తీసుకుపోండి. విమానం ఎక్కబోయే మనిషి మీతో ఉంటే హోటళ్ల పేర్లు, సీట్ల సంగతులు తరువాత చెప్పవచ్చు. విమానం ఎలా లేస్తుందనుకుంటున్నాడో ముందు అతన్నే చెప్పనివ్వండి.