కిరీటానికి పోయిన కర్రెద్దు

వర్ధన్నపేట దాటి ఖమ్మం తోవలో కొంత దూరం పోతే, రోడ్డుకు లోపలగా ఒక ఊరుంది. డెబ్భైల నాటికి ఆ ఊళ్లో రెండెకరాల తరి పొలం, ఒక బావి, నీళ్లు తోడే మోట, దాన్ని లాగే జత ఎడ్లు ఉన్న సంసారం మొగిలమ్మది. ఊరు మాత్రం దాన్ని ఆమె మొగుడి పేరుతో రాజమల్లు పొలం అనేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మొగిలమ్మ ముక్కుతో నవ్వేది.

"రాజమల్లు పొలమా? నీళ్లు ముందుగాల ఏ మడికి పారుతయో ఆయన్ను అడుగుండ్రి," అనేది.

రాజమల్లుకు అది తెలియదు. ఆయన భాగోతంలో రాజు.

కోతలు అయిపోయి పనులు లేని ఎండాకాలంలో ఊరి రైతులు కొందరు కలిసి, ఒక గురువును పెట్టుకుని ఆట నేర్చుకునేవారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడి వచ్చేవారు. తక్కినవాళ్లకు అది ఎండాకాలం ముచ్చట. తొలివాన పడగానే గజ్జెలు విప్పి నాగళ్లు పట్టేవారు. రాజమల్లుకు గజ్జెలు విప్పినా రాచరికం దిగేది కాదు. పొలం గట్టు మీద నడుముకు చెయ్యి ఆనించి, ఎవరో పద్యం అందిస్తారన్నట్టు నిలబడేవాడు. బురదలోకి దిగాలంటే ధోతి కొంగును రెండు వేళ్లతో ఎత్తిపట్టేవాడు. పార చేతికిస్తే గదలాగా భుజాన వేసుకునేవాడు. ముఖానికి పూసుకున్న పచ్చటి రంగు చెవుల వెనక వారాల తరబడి అట్లాగే ఉండేది. ఆయన కడుక్కునేవాడు కాదు. చూసినవాళ్లు 'రాజుగారు' అంటారని ఆశ.

"గట్టు చెక్కాలంటే మంత్రిని పిలువాల్నా మహారాజా?" అని మొగిలమ్మ దూరం నుంచే కేకేసేది. పక్క మడుల్లో నాటేస్తున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకునేవారు.

ఆమెకు ఆట అంటే పగ ఉండేది కాదు. ఆయన గొంతు మంచిదని కూడా ఆమెకు తెలుసు. అయితే అది ఎన్నడూ నోటితో అనలేదు. అంటే ఆయన ఇక బర్రెను కూడా పద్యం పాడే పిలుస్తాడని భయం.

డెబ్భై ఆరు ఎండాకాలంలో రాజమల్లు కర్రెద్దును తోలుకుని అంగడికి పోయాడు. దాని గిట్టలకు నాడాలు కొట్టించుకొస్తానన్నాడు. సాయంత్రానికి ఎద్దు లేదు. భుజాన ఒక మూట ఉంది. ఆ మూటలో అద్దం ముక్కలు పొదిగిన కొయ్య కిరీటం, భుజాలకు కట్టే రెక్కలు, బంగారు రంగు పూసిన నడుముపట్టీ ఉన్నాయి. ఒంటెద్దుతో మోట నడవదు. మోట నడవకపోతే నీళ్లు లేవు. నీళ్లు లేకపోతే ఆ రెండెకరాలు ఊరి పిల్లలు ఆడుకోవడానికి పనికొస్తాయి.

మొగిలమ్మ ఆ మూటను చూసింది, కొట్టంలో ఖాళీ గుంజను చూసింది. ఒక్క మాట మాట్లాడలేదు. రోజూ కోడి కూసినప్పటి నుంచి తిట్టే మనిషి నోరు మూసుకునేసరికి రాజమల్లుకు గుండె జారిపోయింది. కొట్టంలో పెండ మీదే కూలబడి ఆమె రెండు కాళ్లూ పట్టుకున్నాడు.

"తప్పయిందే మొగిలీ. ఏదన్న అను. తిట్టు. గట్ల సూడకు."

"కాళ్లు ఇడువు. పెండ తీయాలె," అంది మొగిలమ్మ.

ఆయన కాళ్లు పట్టుకున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడి పరువు కాపాడదామని కాదు. అటువంటివాడికి పెళ్లామని చెప్పుకోవడం తనకే సిగ్గనిపించింది.

ఆ వానాకాలం మొగిలమ్మ పక్క పొలం పూలమ్మ వాళ్ల ఎద్దును బదులు తెచ్చుకుని మోట నడిపింది. ఆ బదులు తీర్చడానికి పూలమ్మ పొలంలో నాట్లు వేసింది, కలుపు తీసింది. తన పొలంలో సగమే పండింది. కొత్త కిరీటం పెట్టుకున్న రాజమల్లుకు మాత్రం చుట్టుపక్కల పేరు పెరిగింది.

మరుసటి ఎండాకాలం సొంత ఊళ్లోనే ఆట పెట్టారు. పొద్దు గూకగానే మద్దెల మోగింది. అది రాజ్యం మొత్తాన్ని మునికి దానమిచ్చే రాజు కథ. రాజమల్లు అద్దాలు తళతళలాడుతుండగా వచ్చి, చెయ్యి చాపి, గొంతెత్తాడు.

"నా గజములను, నా తురగములను, నా సమస్త గోసంపదను నీకు ధారవోసితిని మునీంద్రా!"

జనంలో ముందు వరసలో కూర్చున్న మొగిలమ్మ లేచి నిలబడింది.

"గోసంపద ఇచ్చుడు బాగనే ఉన్నదిగని, అండ్ల నా కర్రెద్దు ఉన్నదా లేదా? అది ఏ మునికిచ్చినవో జర చెప్పి, తర్వాత రాజ్యం ఇయ్యి!"

హార్మోనియం ఆగిపోయింది. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ముని వేషం వేసినవాడికి గడ్డం ఊడింది. రాజు చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. తర్వాత ఆట సాగింది కానీ, రాజు నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఎద్దులాగా అరిచారు.

ఆ రోజుతో ఆయనకు బుద్ధి వస్తుందనుకుంది మొగిలమ్మ. అక్కడే ఆమె లెక్క తప్పింది. పక్క ఊళ్లవాళ్లు ఆట మాట్లాడుకోవడానికి వచ్చి, "ఎద్దునడిగే ఆడామె గూడ వస్తదా?" అని అడగడం మొదలుపెట్టారు. మేళం వాళ్లు ఆలోచించి, ఆడవేషాలు వేసే దర్జీ సాంబయ్యకు చీర కట్టి, చేతికి పార ఇచ్చి, 'ఎద్దు మొగిలి' అని పేరు పెట్టి ఆటలోకి దించారు. రాజు పద్యం ఎత్తుకోగానే మొగిలి వచ్చి తిట్టేది. జనం విరగబడి చూసేవారు. రాజమల్లు నాలుగు రోజులు అలిగాడు. జనం రెట్టింపయ్యేసరికి అలక మానేశాడు.

పూలమ్మ చెబితే మొగిలమ్మ పక్క ఊరికి పోయి తనను తాను చూసుకుని వచ్చింది.

"గదేం కొంగు చెక్కుడు? పార పట్టుడు సూస్తివా, పెండ్లిల పూలదండ పట్టినట్టు. నేను గంత నీరసంగ తిడుతనా?" అంది.

సాంబయ్య సిగ్గులేనివాడు. నాట్ల కాలంలో నేరుగా పొలానికే వచ్చాడు.

"వదినే, నాలుగు మాటలు చెప్పరాదు. నా దగ్గరున్నయి పాతబడ్డయి."

"మాటలు గావాల్నా? దిగి నాటెయ్యి. నడుము వంగితే మాటలు అవే వస్తయి."

సాంబయ్య దిగాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నడుము పట్టుకుని, తనకు తెలిసిన బూతులన్నీ అయిపోయి, తెలియనివి కూడా కనిపెడుతున్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ నాట్లప్పుడు వచ్చేవాడు. మొగిలమ్మ కూలి ఇవ్వకుండా పని చేయించుకున్న మనిషి ఊళ్లో ఆయనొక్కడే.

ఎనభై రెండులో హన్మకొండ నుంచి కిషన్ రావు అనే బట్టల వ్యాపారి వచ్చాడు. దుకాణం కొడుకులకు అప్పగించి కళాసేవ మొదలుపెట్టిన పెద్దమనిషి. ఒక సమితి పెట్టి దానికి తానే అధ్యక్షుడయ్యాడు. మంచం మీద రుమాలు పరుచుకుని కూర్చుని, "పల్లె మన ఆత్మ," అన్నాడు. చాయ ఇస్తే గ్లాసు అంచు తుడుచుకుని తాగాడు. హన్మకొండ హాల్లో ఆడించడానికి మొత్తం ఆటను గంటకు కుదించాలన్నాడు.

"పెద్ద పెద్ద ఆఫీసర్లు ఫ్యామిలీలతో వస్తరు. ఆడమనిషి గట్ల తిట్టుకుంటనే పోతే బాగుండదు. ఆఖరుకు ఆమెకు పశ్చాత్తాపం రావాలె. భర్త కాళ్ల మీద పడాలె. సందేశం ఉంటది," అన్నాడు.

సాంబయ్య తల గోక్కున్నాడు. "మొగిలి వదినె కాళ్ల మీద పడుడా? ఎవలు నమ్ముతరు సారూ?"

రాజమల్లు మాత్రం వెంటనే తల ఊపాడు. "సారు చెప్పింది మంచిగనే ఉన్నది."

ఈ మాటలేవీ మొగిలమ్మకు చెప్పలేదు. అసలు మొగిలి ఆమే గనుక ఆమెకు కూడా సన్మానం చేస్తారని మాత్రం చెప్పారు. సన్మానం పేరు వినగానే ఆమె, "నాకెందుకు, నేనేమన్న చచ్చిపోయిన్నా?" అంది. అయినా పోయింది. హన్మకొండలో కరెంటు మోటర్ల దుకాణం చూసి రావాలని చాలా రోజులుగా అనుకుంటోంది. ముందు మోటర్లు చూసి, దుకాణంవాడితో పోట్లాడి, తర్వాత హాలుకు వచ్చింది.

హాల్లో ముందు వరసలో సోఫాలు, వాటిలో ఆఫీసర్లు, పక్కన చేతిరుమాళ్లతో విసురుకుంటున్న వాళ్ల భార్యలు. కిషన్ రావు జానపదం గొప్పతనం గురించి ఎంతసేపు మాట్లాడాడంటే, వేషాలు వేసుకున్న జానపదులకు చెమటకు రంగులు కారిపోయాయి. చివరికి ఆట మొదలైంది. సాంబయ్య తిట్టాడు, సోఫాలు నవ్వాయి. అంతలో సాంబయ్య పార పక్కన పడేసి, "నాథా, నా అపరాధము మన్నింపుడు!" అని ఏడుస్తూ రాజమల్లు కాళ్ల మీద పడ్డాడు. రాజమల్లు కళ్లు సగం మూసి, చెయ్యెత్తి దీవించాడు. హాలంతా చప్పట్లు.

మొగిలమ్మకు కొట్టంలో పెండ వాసన ముక్కుకు తగిలినట్టయింది. ఆమెకు కలిగింది కోపం కూడా కాదు, రోత. ఆ చెయ్యి ఎత్తిన తీరు చూస్తే, ఆయన అది నమ్ముతున్నట్టే ఉంది.

తర్వాత కిషన్ రావు ఆమెను పైకి పిలిచాడు. నిండు ఎండాకాలంలో ఉన్ని శాలువా కప్పాడు. మైకు ముందు పెట్టి, "రెండు మాటలు చెప్పమ్మా, సంతోషంగా ఉందని చెప్పు," అన్నాడు.

మొగిలమ్మ మైకును ఒకసారి చూసింది. మొగుణ్ని ఒకసారి చూసింది. రాజమల్లు కిరీటం కింద నుంచి చెమట కారుతోంది.

"మా ఇంట్ల ఒకలు ఒకల కాళ్లు పట్టుకున్న మాట నిజమే," అంది. "ఎవలు ఎవలయి పట్టుకున్నరో ఈ కిరీటమాయన చెప్తడు. నేను చెప్తె తిట్టిన అంటరు."

మైకు మొగుడికి ఇచ్చింది.

రాజమల్లు గొంతు సవరించుకుని రాజు గొంతుతోనే మొదలుపెట్టాడు. "ఓ సభాసదులారా..." అన్నాడు. పెళ్లాం ముఖం చూశాడు. మళ్లీ "సభాసదులారా" అన్నాడు. మూడోసారి మామూలు గొంతు వచ్చింది.

"నేనే పట్టుకున్న. కొట్టంల. ఎద్దునమ్మి కిరీటం తెచ్చిన నాడు. నాడాలు కొట్టిస్తనని అవద్దం చెప్పి తోలుకపోయిన. ఆమె ఎన్నడు నా కాళ్లు పట్టుకోలే."

తర్వాత సోఫాల్లోంచి నవ్వులు, ఈలలు, ఇందాకటికంటే పెద్ద చప్పట్లు. కిషన్ రావు ఉప్పొంగిపోతూ మైకు లాక్కున్నాడు. "చూశారా! ఇదీ జానపద కళ అంటే! అప్పటికప్పుడు కల్పించి ఎంత సహజంగా నటించారో!"

మొగిలమ్మ ఆ పెద్దమనిషిని కింద నుంచి మీదికి చూసింది. బట్టల కొట్లో చిరిగిన గుడ్డను కూడా ఇంతకంటే ఇష్టంగా చూస్తారు. మెట్లు దిగింది.

తిరుగు బస్సులో రాజమల్లు కిరీటం మూటను కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"నిజమే చెప్పిన గదనే. ఒక్కడు గూడ నమ్మలే," అన్నాడు.

"ఇన్నేండ్లు అవద్దం పాడితె నమ్మిండ్లు గద. వాళ్ల తెలివి గంతే," అంది మొగిలమ్మ. ఉక్కపోస్తోందని శాలువాను ఆయన ఒళ్లో పడేసింది. ఆ వానాకాలం మొలక వడ్లు కప్పడానికి అది బాగానే పనికొచ్చింది.

మేళం వాళ్లకు ఆ ఘట్టం నచ్చింది. మూడు నాలుగేళ్ల పాటు ప్రతి ఆటలో రాజు మొగిలి కాళ్లు పట్టుకున్నాడు. అంత వరకు కర్రలాగా నిలబడి పద్యాలు పాడిన రాజమల్లు, సాంబయ్య కాళ్లు పట్టుకునేసరికి ఎక్కడి నుంచో నిజమైన ఏడుపు తెచ్చుకునేవాడు. చూసిన ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. "కాళ్లు మంచిగ పట్టుకుంటడు. నాగలి పట్టుమంటేనే చేతులు రావు," అనేది మొగిలమ్మ.

ఎనభైల చివరికి ఊళ్లోకి టీవీ వచ్చింది. జనం దాని ముందు కూర్చున్నారు. సాంబయ్య కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వరంగల్ పోయి దుకాణం పెట్టుకున్నాడు. మేళం చెదిరిపోయింది. మొగిలమ్మ బావికి మోటరు బిగించింది. ఇక చేసేందుకు వేరే ఏమీ లేక రాజమల్లు పొలం పనికి దిగాడు. ఆయన చెక్కిన గట్టు పాములాగా వంకరగా ఉండేది. మొగిలమ్మ వెనకే పోయి సరిచేసేది, సరిచేస్తున్నంతసేపూ తిట్టేది.

ఒకనాడు పొద్దుటి పూట పిల్లనిచ్చే సంబంధం వెతుక్కుంటూ పరాయి ఊరివాళ్లు ఇద్దరు ఆ దారిన పోతున్నారు. గట్టు మీద ఆగి, మడిలో వంగి ఉన్న రాజమల్లును చూసి ఒకడు నవ్వాడు.

"అరే, కాళ్లు పట్టే రాజు గీయనే గదా? ఓ రాజా, మా కాళ్లు గూడ పట్టరాదు!"

రాజమల్లు తల ఎత్తలేదు. మొగిలమ్మ చేతిలో పార పట్టుకుని గట్టెక్కింది.

"ఎవల్రా మీరు? ఏ ఊరు? ఆయనకు పేరులేదా? రాజమల్లు అంటరు ఆయన్ను. పిలుస్తే పేరు పెట్టి పిలువుండ్రి, లేకుంటె తోవ పట్టుండ్రి. మీ మొకాలకు పిల్లనిచ్చేటోడు గుడ్డోడే అయి ఉండాలె!"

ఇద్దరూ చెప్పులు చేతబట్టుకుని రోడ్డు దాకా ఆగలేదు.

రాజమల్లు మెల్లగా నడుమెత్తి పెళ్లాం వైపు చూశాడు. ఆయన కళ్లలో ఏదో మెరుపు. ఏదో అనబోయాడు.

"ఏం సూస్తానవ్?" అంది మొగిలమ్మ. "అవతల గండి పడి నీళ్లన్ని పోతానయ్. పో, మట్టెయ్యి."

ఆయన పోయి మట్టేశాడు. సరిగ్గా వేయలేదు. ఆమె మళ్లీ వేసింది.