ఇవ్వని అర్జీ

అది తెల్లదొరల కాలం. మార్కాపురంలో పలకల కూలీలుండే పేటలో ఆదివారం ప్రార్థన అయ్యాక ఏడెనిమిది మంది ఒక వసారాలో చేరేవారు. నేను కమ్యూనిస్టు పుస్తకం చదివి అర్థం చెప్పేవాణ్ణి. గని ఒకడి సొత్తుగా ఉన్నంతకాలం ప్రజాస్వామ్యం పేరుకే ఉంటుందని, పెట్టుబడిదారు తన పెత్తనం మీద కప్పుకునే దుప్పటే ఓటని చెప్పేవాణ్ణి. ఆ మాటలంటున్నప్పుడు నా గొంతు నాకే ముచ్చటగా ఉండేది.

పలకలు నున్నగా రుద్దే ఒకామె, మిషన్ బడిలో చదువుకున్న మనిషి, ఒక వారం అడిగింది.

"చదువొచ్చిన ఆడోళ్లకు ఓటు ఇస్తారంట గదన్నా?"

"ఇస్తే ఏమొస్తాదమ్మా? అదంతా ఉత్త భ్రమ."

"భ్రమైతే మన గని షావుకారు కారు పంపిచ్చి మరీ ఓట్లు వేయిచ్చుకుంటాడేంది? ఆయనకెవురూ చెప్పలేదేమో. నువ్వన్నా పోయి చెప్పిరా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ మాట లోపల గుచ్చుకుంది.

మరుసటి వారం ఆమె ఓటర్ల జాబితాలో తన పేరు చేర్చమని తన చేత్తోనే అర్జీ రాసి తెచ్చింది. తాను పోతే ఆ రోజు కూలి పోతుంది. నేను తాలూకా కచేరీకి తరచూ పోయేవాణ్ణి.

"గడువు లోపల ఇయ్యన్నా" అంది.

సరేనన్నాను. ఇవ్వలేదు. మరిచిపోయి కాదు. కచేరీ మెట్ల దాకా పోయి, జేబులోంచి తీయకుండానే తిరిగొచ్చాను. కూలిమనిషిని భ్రమలో పడకుండా కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

ఓటర్ల జాబితా అంటించిన రోజు ఆమె వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. ఆమె పేరు లేదు. నా పేరు ఉంది. నాయన పోయాక భూమి పట్టా నాకు మారింది, శిస్తు కట్టేవాణ్ణి కాబట్టి ఓటు అడక్కుండానే వచ్చింది.

"ఇచ్చినావు గదన్నా?"

"ఇచ్చినా. కచేరీలో యాడనో పోగొట్టినట్లున్నారు."

ఆమె నమ్మింది. ఆ ఎన్నికల్లో నేను ఓటు వేశాను.

తర్వాత యుద్ధం వచ్చి చాలా ఏళ్లు ఎన్నికలు జరగలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఆమె కూలి పోగొట్టుకుని అర్జీతో తానే కచేరీకి పోయింది. ఎన్నికల రోజు ఓటేసి బయటికొస్తుంటే కనబడింది.

"ఎవరికి వేసినావమ్మా?"

"షావుకారు గుమాస్తా అడిగితేనే చెప్పలే, నీకు చెప్తానా?" అని నవ్వింది. "ఈసారి అర్జీ ఇచ్చి, వాళ్లు రాసుకునేదాకా ఆడనే నిలబడినా. పోయినతూరి పోగొట్టినోళ్లు గదా."

పెట్టుబడి చేతిలో ప్రజాస్వామ్యం నలుగుతుందని ఇప్పటికీ నమ్ముతాను. ఆమె ఓటును మాత్రం షావుకారు ఆపలేదు, నేను ఆపాను.

ఆ సంగతి చెబుదామనే నోరు తెరిచాను.

"ఎండగా ఉంది, నిదానంగా పో తల్లీ" అన్నాను.